చెరువులో చేపలెన్ని, అడవిలో పులులెన్ని?

శ్రోతలకు నమస్కారం.

2022 గణనలో మన దేశంలో పులులు 3,682 అని తేలింది. ఇది ఒక్కో పులినీ వేలుపెట్టి చూపించి లెక్కించిన సంఖ్య కాదు. కెమెరాల్లో విడివిడిగా గుర్తుపట్టినవి 3,080. మిగతావి నిష్పత్తి మీద కట్టిన అంచనా. ఆ అంచనా ఎలా కడతారో పులి దగ్గరకన్నా చేప దగ్గర తేలిగ్గా తెలుస్తుంది కాబట్టి ముందు చెరువుకు వెళదాం. కాగితమూ పెన్సిలూ ఉంటే దగ్గర పెట్టుకోండి.

ఒక చెరువులో శీలావతి చేపలు ఎన్నున్నాయో తెలియాలి. చల్లటి పూట వల లాగి 100 చేపలు పట్టాం. ప్రతిదానికీ తోక రెక్క కొసను శుభ్రమైన కత్తెరతో కాస్త కత్తిరించి, వెంటనే నీళ్లలోకి వదిలాం. వారం తర్వాత మళ్లీ వల వేస్తే 80 చేపలు పడ్డాయి. వాటిలో తోక కత్తిరించినవి 16. అంటే ఐదో వంతు. వలలో ఐదో వంతుకు గుర్తుంటే చెరువు మొత్తంలోనూ సుమారుగా ఐదో వంతుకే గుర్తుండాలి. గుర్తు పెట్టినవి 100 కాబట్టి మొత్తం 500. లెక్కగా చెప్పాలంటే 100ని 80తో గుణించి 16తో భాగించడమే.

1896లో డెన్మార్క్ శాస్త్రవేత్త పీటర్సన్ సముద్రపు చేపలకు గుర్తులు కట్టి ఈ దారి వేశాడు. 1930లో అమెరికాలో పక్షుల శాస్త్రవేత్త లింకన్ బాతుల కాళ్లకు వేసిన కడియాలతో ఇదే లెక్క కట్టాడు. అక్కడ రెండోసారి పట్టింది ఆయన కాదు, వేటగాళ్లు. వాళ్లు కొట్టిన బాతుల్లో కడియం ఉన్నవెన్నో తెలిస్తే చాలు. అందుకే ఈ పద్ధతికి లింకన్–పీటర్సన్ అని ఇద్దరి పేర్లూ నిలిచాయి.

మామూలు సూత్రంలో ఒక లోపముంది. గుర్తున్నవి తక్కువగా దొరికితే అంచనా పైకి పోతుంది, ఒక్కటీ దొరక్కపోతే భాగహారమే కుదరదు. 1951లో గణాంక శాస్త్రవేత్త చాప్‌మన్ దీన్ని సవరించాడు. మూడు సంఖ్యలకూ ఒకటి చొప్పున కలిపి లెక్క చేసి, చివర్లో ఒకటి తీసేయాలి. 101ని 81తో గుణించి, 17తో భాగించి, ఒకటి తీసేస్తే 480 వస్తుంది.

ఈ 480ని పట్టుకుని కూర్చోకూడదు. పదహారు చేపల మీద నిలిచిన లెక్క ఇది. అసలు సంఖ్య 300 నుంచి 660 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. అదే చెరువులో 200 చేపలకు గుర్తు పెట్టి, రెండోసారి 160 పట్టి, అందులో 64కు గుర్తు కనబడితే అంచనా 497. ఇప్పుడు హద్దులు సుమారు 420, 575. రెండుసార్లూ శ్రమ రెట్టింపు చేస్తే తేడా సగానికన్నా ఎక్కువే తగ్గింది. హద్దులు చెప్పకుండా ఒక్క సంఖ్యే చెప్పే అంచనాను నేనైతే సగమే నమ్ముతాను.

ఇక లెక్క చెడేది ఎక్కడంటే, కాగితం మీదకన్నా నీళ్లలోనే ఎక్కువ. గుర్తు ఊడిపోతే అంచనా పెరుగుతుంది. గుర్తుగా చేపలకు కట్టిన 100 బిళ్లల్లో 20 రాలిపోతే, 500 చేపలున్న చెరువులో 625 ఉన్నట్టు తేలుతుంది. అందుకే ఒక్కో చేపకు రెండేసి బిళ్లలు కడతారు. తర్వాత ఒకే బిళ్లతో దొరికినవెన్నో చూసి, ఎన్ని రాలాయో కడతారు. తోక రెక్క మళ్లీ పెరుగుతుంది, కాబట్టి ఆ గుర్తు వారానికి సరిపోతుంది గానీ ఏడాదికి పనికిరాదు. పట్టేటప్పుడు నలిగి చచ్చినవాటి వల్లా అంచనా పెరుగుతుంది. దెబ్బతిన్న చేపకు గుర్తు పెట్టకపోవడమే మేలు.

వదిలిన చోటే మర్నాడు వల వేస్తే తప్పు రెండో వైపు జరుగుతుంది. గుర్తున్న చేపలు ఇంకా అక్కడే గుమిగూడి ఉంటాయి, ఎక్కువగా పడతాయి, అంచనా పడిపోతుంది. అందుకే చెరువు చుట్టూ నాలుగైదు చోట్ల వదిలి, అవి కలిసిపోయేదాకా ఆగాలి. అలాగని నెలల తరబడి ఆగితే కొత్త పిల్లలు వలకు అందేంత పెరుగుతాయి, తూము దాటి కొన్ని వస్తాయి, కొన్ని పోతాయి. ఇంకొకటి, వల కంత ఎంతో లెక్కా అంతే. కంతలోంచి జారిపోయే చిన్న చేపలు ఈ 480లో లేవు.

ఎలుకలు, ఉడుతల్లాంటివాటి దగ్గర ఇంకో చిక్కు. బోనులో గింజల రుచి మరిగింది మళ్లీ మళ్లీ వస్తుంది, అంచనా తగ్గుతుంది. ఒకసారి బెదిరింది ఆ ఛాయలకే రాదు, అంచనా పెరుగుతుంది.

పులికి మనం గుర్తు పెట్టక్కర్లేదు, చారలే గుర్తు. ఏ రెండు పులుల చారలూ ఒకేలా ఉండవు. 1990ల మొదట్లో కర్ణాటకలోని నాగరహోళె అడవిలో వన్యప్రాణి శాస్త్రవేత్త ఉల్లాస్ కారంత్ కెమెరాలతో ఈ పద్ధతిని పులులకు వాడారు. దేశంలో అప్పటికి పాదముద్రలతోనే లెక్క నడిచేది. లెక్కల్లో పులులున్న రాజస్థాన్‌లోని సరిస్కా అభయారణ్యంలో 2005లో వెతికితే ఒక్కటీ లేదని తేలాక, 2006 నుంచి దేశమంతా పద్ధతి మారింది.

నల్లమల అయినా మరే అడవైనా, కెమెరాలు పెట్టే తీరు ఒక్కటే. రెండు చదరపు కిలోమీటర్ల గడికి ఒక చోటు ఎంచి, పులి నడిచే బాటకు చెరో పక్కా ఒక్కో కెమెరా, మోకాలి ఎత్తులో కడతారు. రెండెందుకంటే పులి ఎడమ పక్క చారలు కుడి పక్కలా ఉండవు. ఒక రాత్రి ఎడమ పక్కే పడి, ఇంకో రాత్రి కుడి పక్కే పడితే ఒక్క పులి రెండుగా లెక్కకెక్కుతుంది. ఇక్కడ రెండుసార్లు వల వేసినట్టు కాదు, కనీసం 25 రోజులు కెమెరాలుంటాయి, ప్రతి రోజూ ఒకసారి వల వేసినట్టే. కెమెరాల హద్దు దాటి తిరిగే పులుల కోసం, ఏ పులి ఎక్కడెక్కడ పడిందో కూడా లెక్కలోకి తీసుకుంటారు. ఏడాదిలోపు పిల్లలను కలపరు. అవి తల్లి వెంట ఎప్పుడో గానీ కెమెరాకు చిక్కవు, వాటిలో చాలా పెద్దవి కాకముందే చనిపోతాయి కూడా.