కర్ఫ్యూ లేదు సరే, ఆర్డరు మాటేమిటి?

శ్రోతలకు నమస్కారం. 2024లో దీపావళి నాలుగు రోజులుందనగా హైదరాబాద్‌లో ఒక పుకారు లేచింది: ఊళ్ళో నెల రోజులు కర్ఫ్యూ అట! కర్ఫ్యూ లేదు, పండక్కీ దీనికీ సంబంధం లేదని చివరికి పోలీసు కమిషనరే చెప్పాల్సి వచ్చింది.

ఆర్డరు మాత్రం నిజమే. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 144 సెక్షన్, దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 163 అయింది. దాని కింద అక్టోబరు 27 సాయంత్రం 6 నుంచి నవంబరు 28 సాయంత్రం 6 దాకా జంట నగరాల్లో అయిదుగురు, అంతకు మించి గుమిగూడకూడదు. ఊరేగింపులు, సభలు, ధర్నాలు బంద్. ఇందిరాపార్కు ధర్నాచౌక్‌కి మినహాయింపు. శాంతికి భంగం అనిపిస్తే ప్రసంగం, ప్లకార్డు, జెండా కూడా నేరమే. ఎవరికి అనిపిస్తే? పోలీసులకే. ఊరంతటికీ నెల రోజులు ఎందుకని నిలదీయాల్సింది పోయి, లేని కర్ఫ్యూ గురించి కొట్టుకున్నాం. పుకారును ఒక్క ఖండనతో కొట్టిపారేయొచ్చు. అసలు ప్రశ్న అడిగితే కారణాలు చూపించాలి.

ఇలాంటి ఆర్డరు కంటబడితే ఫార్వర్డ్ చేసేముందు సెక్షన్, పరిధి, తేదీలు చూడండి. 163 ఆర్డరు రెండు నెలలకు మించి చెల్లదు. పొడిగించాలంటే రాష్ట్ర ప్రభుత్వమే నోటిఫికేషన్ ఇవ్వాలి, అదీ మరో ఆరు నెలల లోపే. కారణం దగ్గర ‘విశ్వసనీయ సమాచారం మేరకు’ అని తేల్చేస్తే అది చాలదు. ఆధారమైన వాస్తవాలు ఆర్డరులోనే రాయాలని, న్యాయమైన అభిప్రాయాన్ని అణచడానికి ఈ అధికారం వాడకూడదని కశ్మీర్‌లో ఇంటర్నెట్ నిలిపివేత, ఆంక్షలపై వేసిన అనురాధా భసీన్ కేసులో సుప్రీంకోర్టు 2020 జనవరిలోనే చెప్పింది.

ఆ కారణాలు తెలుసుకోవడానికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టొచ్చు, రుసుము పది రూపాయలు. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు: ‘ఎందుకు పెట్టారు?’ అని రాస్తారు, సంజాయిషీలు ఇవ్వబోమని అధికారులు తిప్పికొడతారు. రికార్డు అడగాలి: ఫైలు నోటింగుల (ఫైల్లో అధికారులు రాసుకున్న వ్యాఖ్యల) నకలు, ఆధారపడిన నివేదికల నకలు. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టంలో ఏ క్లాజు చూపారో చూసి 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయాలి.

అయితే జవాబుకే 30 రోజుల గడువు; నెల రోజుల ఆర్డరు ఈలోగా ముగిసిపోతుంది. తొందరుంటే ఆర్డరు ఇచ్చిన అధికారికే రద్దు కోరుతూ అర్జీ పెట్టాలి. ఆయన త్వరగా వినాలి, కాదంటే కారణాలు రాసివ్వాలి. హైకోర్టుకు వెళ్ళేటప్పుడు ఆర్డరుతో పాటు ఆయన కారణాలు రాసిచ్చిన కాగితం కూడా జతచేయండి.