280 పౌండ్ల మనిషికి ఏ ఫిషింగ్ కయాక్? న్యూకనూ ఫ్రాంటియర్ 12 రివ్యూ

నమస్తే అండీ. ఈ వీడియో గాలం వేయడానికి కయాక్, అంటే తెడ్డుతో నడిపే చిన్న పడవ, కొనాలనుకునే కాస్త ఒళ్లున్న మనవాళ్ల కోసం. నేను ఆరడుగులు దాటి ఉంటాను, బరువు 280 పౌండ్లు, అంటే 127 కిలోలు. డాలస్ చుట్టుపక్కల మన తెలుగువాళ్లలో గాలం సరదా ఉన్నవాళ్లు బాగానే ఉన్నారు, శనివారం పొద్దున్నే లూయిస్‌విల్ లేక్ దగ్గరికో గ్రేప్‌వైన్ దగ్గరికో వెళ్తే గట్టు మీద ఎక్కడో ఒకచోట తెలుగు వినపడుతుంది. వాళ్లలో నాలాంటి పర్సనాలిటీ ఉన్నవాళ్లు అడిగేది ఒకటే, "అన్నా, కయాక్ కొనాలని ఉంది, నా బరువుకి ఆగుతుందా?" అని. ఆగుతుందండీ. సరైనది తీసుకుంటే కూర్చోవడమే కాదు, లేచి నిలబడి మరీ గాలం వేసుకోవచ్చు. కాకపోతే షాపులో వేలాడే ట్యాగ్ మీద కెపాసిటీ ఒక్కటీ చూసి కొనొద్దు, ఎందుకో చెప్తాను, తర్వాత ఇదిగో నా వెనకాల ఉన్న ఈ ఫ్రాంటియర్ 12 సంగతి చూద్దాం.

ముందు ఆ నంబర్ ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకోండి. ఇక్కడ అమెరికాలో 20 అడుగుల లోపు మోటారు బోట్లకి ఇంతమంది, ఇంత బరువు అని ఒక ప్లేట్ అతికించి ఉంటుంది, అది కోస్ట్ గార్డ్ నిబంధన. కయాక్‌లకి, కనూలకి ఆ నిబంధన వర్తించదు. అంటే కయాక్ మీద 400 అనో 500 అనో ఉంటే అది ఆ కంపెనీ తన పద్ధతిలో తను లెక్కేసి చెప్పిన నంబర్. ఒకరు సీటు బరువు కలిపి చెప్తారు, ఇంకొకరు కలపకుండా చెప్తారు. అందుకే రెండు కంపెనీల నంబర్లు పక్కపక్కన పెట్టి ఇది గొప్ప, అది తక్కువ అనడానికి లేదు.

ఇక్కడ కయాక్‌ల మీద తిరిగేవాళ్లు మామూలుగా వాడే లెక్క ఒకటుంది. రాసిన కెపాసిటీలో 70 శాతం వరకే మన బరువు, సామాను బరువు అన్నీ కలిపి ఉండాలి. నా లెక్క చెప్తాను. నేను 280. బూట్లు, బట్టలు, లైఫ్ జాకెట్ కలిపి ఓ పది. రాడ్లు, ఎరల డబ్బాలు, క్రేట్, ఐస్ వేసిన చిన్న కూలర్, తాగే నీళ్లు, లంగరు, ఫిష్ ఫైండర్, దాని బ్యాటరీ, ఇవన్నీ ఓ యాభై. మొత్తం 340. దాన్ని 0.7తో భాగిస్తే 486 వస్తుంది. అంటే నాకు 500 పౌండ్లకి తక్కువ కయాక్ వద్దు. పెర్సెప్షన్ పెస్కడార్ ప్రో 12 ఉంది, మంచి కయాక్, మామూలు సైజు మనిషికి నేనే రికమెండ్ చేస్తాను, కానీ దాని కెపాసిటీ 375. నేను ఎక్కితే 90 శాతం నిండిపోయినట్టే. మునగదు, నిజమే. కానీ మునగకపోతే చాలని కాదు కదా మనం కొనేది.

బరువు ఎక్కువైతే నిజంగా ఏం జరుగుతుందో ఇటు చూడండి. ఈ పక్క మీద నేను ఎర్ర టేపు అతికించాను, ఖాళీగా ఉన్నప్పుడు నీటి మట్టం ఇక్కడుంది. పన్నెండు అడుగుల కయాక్ నీళ్ల మీద ఆక్రమించే చోటు, రెండు చివర్లూ సన్నబడతాయి కాబట్టి, సుమారు 24 చదరపు అడుగులు అనుకుందాం. అది ఒక అంగుళం దిగాలంటే రెండు ఘనపుటడుగుల నీళ్లు పక్కకి జరగాలి, ఘనపుటడుగు నీళ్లు 62.4 పౌండ్లు, అంటే దగ్గర దగ్గర 125 పౌండ్లకి ఒక అంగుళం. నేను, నా సామాను ఎక్కితే మూడు అంగుళాలకి కొంచెం తక్కువ దిగుతుంది. మూడు అంగుళాలే కదా అనిపిస్తుంది. కానీ చాలా సిట్-ఆన్-టాప్ కయాక్‌లలో, అంటే లోపల దూరకుండా పైన కూర్చునేవాటిలో, మన పాదాలు పెట్టుకునే చోటు నీటి మట్టానికి పైన ఉండేదే రెండు మూడు అంగుళాలు. డెక్ మీద పడ్డ నీళ్లు పోవడానికి స్కప్పర్లని రంధ్రాలు ఉంటాయి చూశారా, బరువు ఎక్కువైతే వాటిలోంచే నీళ్లు పైకి వస్తాయి. నేను ఒకసారి అద్దెకి తీసుకున్న ఒక కయాక్‌లో, దాని పేరు వద్దులెండి, గట్టు దాటకముందే మడమలు నీళ్లలో నానుతున్నాయి. బిరడాలు పెట్టి మూసేయొచ్చు, కానీ అప్పుడు తెడ్డు నుంచి కారే నీళ్లు, అల కొట్టిన నీళ్లు బయటికి పోయే దారి ఉండదు, ఆ నీళ్లు మనం ఎటు వంగితే అటు పరిగెడతాయి, అసలు బ్యాలన్స్ తప్పేది అక్కడే.

ఇప్పుడు స్టెబిలిటీ. దీనికి కెపాసిటీతో సంబంధం ఉంది కానీ రెండూ ఒకటి కాదు. వైబ్ సీ గోస్ట్ 130 తీసుకోండి, కెపాసిటీ 550, వెడల్పు 33 అంగుళాలు. ఈ ఫ్రాంటియర్ 12 కెపాసిటీ 650, వెడల్పు 41 అంగుళాలు. ఎనిమిది అంగుళాల తేడాయే. కానీ పడవ పక్కకి ఒరగకుండా తట్టుకునే శక్తి వెడల్పుతో పాటు కాదు, వెడల్పు ఘనంతో పాటు పెరుగుతుంది. అడుగు ఆకారం, పొడవు ఒకేలా ఉన్నాయనుకుంటే 33 నుంచి 41కి వెళ్తే అది దాదాపు రెట్టింపు. సీ గోస్ట్ దీనికంటే ఒక అడుగు ఎక్కువ పొడవు, ఆకారమూ వేరు, కాబట్టి సరిగ్గా రెట్టింపు అని నేను అనను, కానీ లేచి నిలబడగానే మోకాళ్లకి ఆ తేడా తెలుస్తుంది.

ఇంకొకటి, లావుగా ఉన్నవాళ్లకి ఎవరూ చెప్పనిది. మన బరువు ఎక్కువ భాగం పొట్ట దగ్గర, ఛాతీ దగ్గర ఉంటుంది, అంటే సీటు కంటే బాగా పైన. అదే కయాక్‌లో 160 పౌండ్ల కుర్రాడు కూర్చుని "బండలా ఉందండీ" అని రివ్యూ ఇస్తాడు, అబద్ధం కాదు, అతనికి అలాగే ఉంటుంది. మనం కూర్చుంటే కథ వేరు. అందుకే రివ్యూలు చూసేటప్పుడు ఆ చెప్పే మనిషి బరువెంతో ముందు కనుక్కోండి. సీటు ఎత్తు పెంచుకునే కయాక్ అయితే మొదట్లో కింది పొజిషన్‌లోనే పెట్టుకోండి. పైన పెడితే చూపు బాగుంటుంది, నడుముకి హాయి, లేవడమూ తేలిక, కానీ ఒక్కో అంగుళానికీ ఊగడం పెరుగుతుంది.

అడుగు ఆకారం కూడా చూడాలి. గోదావరి మీద పంటు ఎక్కారా ఎప్పుడైనా? రెండు పడవలు జోడించి మీద బల్లలు పరిచి, బైకులూ కార్లూ కూడా ఎక్కిస్తారు, అయినా ఒరగదు. క్యాటమరాన్ అడుగు ఉన్న కయాక్‌లు అదే సూత్రం మీద పనిచేస్తాయి, బరువుని మోసే భాగం మధ్యలో కాకుండా రెండు అంచులకి జరుగుతుంది. బోనాఫైడ్ ఎస్‌ఎస్127 అలాంటిదే, నిలబడి గాలం వేయడానికి చాలామంది ఇష్టపడతారు. దాని కెపాసిటీ 475, అంటే 70 శాతం లెక్కలో 332. నా 340కి కొంచెం చాలదు. మీరు 240, 250 పౌండ్ల లోపు ఉంటే మాత్రం తప్పకుండా ఒకసారి కూర్చుని చూడండి.

సరే, ఫ్రాంటియర్. పన్నెండు అడుగులు, సీటు కాకుండా 77 పౌండ్లు. లోపల చూడండి, ఖాళీ. డెక్ అంతా చదును, కాళ్లకి అడ్డం వచ్చే గుంటలు, గడులు లేవు. పెద్ద పాదాలున్నవాడికి ఇది ఎంత సుఖమో చెప్పలేను, లేచేటప్పుడు పాదాలు దూరంగా పెట్టుకోవచ్చు, అదే సగం బ్యాలన్స్. సీటు ఈ ట్రాక్ మీద ముందుకీ వెనక్కీ జరుగుతుంది. ఇది పొట్టివాళ్లకి పెద్ద విషయం కాదు, మనకి పెద్ద విషయం, ఎందుకంటే బరువైన మనిషి నాలుగంగుళాలు వెనక కూర్చుంటే వెనక భాగం దిగిపోయి ముక్కు పైకి లేస్తుంది, గాలికి ఆ ముక్కు గాలిపటంలా తిరిగిపోతుంది. సీటు కొంచెం ముందుకి జరిపి, నీళ్లలో పెట్టి, గట్టు మీద నుంచి ఎవరినైనా చూడమనండి, ముందూ వెనకా సమంగా ఉందా లేదా అని. సరిపోయిన చోట ట్రాక్ మీద మార్కర్‌తో గీత పెట్టుకోండి.

నచ్చనిది కూడా చెప్పాలి. నిదానం. 41 అంగుళాల వెడల్పుని తెడ్డుతో తోయాలి, గాలి ఎదురైతే చేతులు పడిపోతాయి. లూయిస్‌విల్ లాంటి పెద్ద లేక్‌లో మధ్యాహ్నం దక్షిణపు గాలి లేస్తే దీనిమీద ఇంటికి రావడం కష్టమే, గాలి లేవకముందే వచ్చేయాలి. చిన్న చెరువులు, వాగుల మొగలు, లేక్ ఫోర్క్‌లో మునిగిన చెట్ల మధ్య ఉండే నిలవ నీళ్లు, అక్కడ ఇది రాజు. లేక్ ఫోర్క్ అంటే తెలుసు కదా, టెక్సస్ రికార్డు లార్జ్‌మౌత్ బాస్ చేప, 18.18 పౌండ్లది, 1992లో పడింది అక్కడే. దూరం వెళ్లాలి, పెద్ద నీళ్లు దాటాలి అనుకుంటే సీ గోస్ట్ 130 లాంటి పొడవైన, సన్నటిది మేలు, నిలబడటం మాత్రం కొంచెం వదులుకోవాలి. రెండూ కావాలి, డబ్బుకి ఇబ్బంది లేదు, పికప్ ట్రక్ ఉంది అంటే హోబీ ప్రో యాంగ్లర్ 14 చూడండి, 38 అంగుళాలు, 600 పౌండ్లు, కాళ్లతో పెడల్ తొక్కుకుంటూ పోవచ్చు, చేతులు గాలానికి ఖాళీ. కానీ సామాను బిగించకముందే వంద పౌండ్లు దాటుతుంది, అది కారు మీదకి ఒక్కళ్లం ఎత్తేది కాదు.

కారు అన్నాను కాబట్టి, కొనేముందు మీ కారు మాన్యువల్ తీసి రూఫ్ మీద ఎంత బరువు పెట్టొచ్చో చూడండి. అందులో ర్యాక్ బరువు కూడా కలుస్తుంది. కయాక్ బాగుంది, ఇంటికి తీసుకెళ్లలేం అంటే ఏం లాభం.

తెడ్డు. వెడల్పు కయాక్, ఎత్తు సీటు, దానికి మామూలు 230 సెంటీమీటర్ల తెడ్డు ఇస్తే ప్రతి పోటుకీ వేళ్ల కణుపులు అంచుకి గీసుకుంటాయి. 250, 260 తీసుకోండి. ఎలక్ట్రిక్ మోటార్ పెట్టే ఆలోచన ఉంటే, టెక్సస్‌లో మోటార్ పెట్టగానే కయాక్‌ని పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ వాళ్ల దగ్గర రిజిస్టర్ చేయించాలి, తెడ్డుతో అయితే అక్కర్లేదు.

లైఫ్ జాకెట్ గురించి నేను కొంచెం గట్టిగానే చెప్తాను. అది సీటు వెనక పెట్టుకునే వస్తువు కాదు, ఒంటి మీద ఉండాలి. పెద్దవాళ్లకి జాకెట్ సైజు బరువుతో కాదు, ఛాతీ చుట్టుకొలతతో చూస్తారు, టేపు పెట్టి కొలుచుకుని వెళ్లండి. జిప్పు పెట్టాక ఎవరినైనా భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమనండి, చెవుల దాకా వచ్చేస్తే అది మీది కాదు. కయాక్ ఫిషింగ్‌కని చేసినవాటిలో నడుము దగ్గర పల్చటి నెట్ ఉంటుంది, సీటుకి ఆనుకున్నా ఒత్తదు.

వెడల్పు కయాక్ తిరగబడటం అరుదు. తిరగబడితే మాత్రం తలకిందులుగా కూడా అంతే స్థిరంగా నిలబడుతుంది, తిప్పడం కష్టం. అందుకే ఎండాకాలంలో, ఛాతీ లోతు నీళ్లలో, పక్కన ఇంకో మనిషిని పెట్టుకుని, రాడ్లూ సామానూ ఏమీ లేకుండా కావాలని తిరగేసి చూడండి. అవతలి అంచుకి కట్టిన ఒక పట్టాని అడుగు మీదుగా ఇటు వేసుకుని లాగితే తిరుగుతుంది. తర్వాత ఎక్కడం. మన బరువుని చేతుల బలం మీద పైకి లాక్కోవడం అందరికీ కుదరదు, సీటు దగ్గర ఒక నైలాన్ పట్టాని లూప్‌లా కట్టి నీళ్లలోకి వదిలితే పాదం పెట్టి ఎక్కొచ్చు. మామూలు పట్టా చాలు, ఖరీదైనది అక్కర్లేదు. అలా ఎక్కడం రానంతవరకు లోతు నీళ్లలోకి ఒంటరిగా వెళ్లొద్దు, చలికాలం అయితే అసలే వద్దు.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు ఒక టార్చ్ తీసుకెళ్లండి. తిరగేసి వెనక చివర చూడండి, నేలమీద ఈడ్చి ఈడ్చి ప్లాస్టిక్ పల్చబడి ఉంటుంది. తర్వాత స్కప్పర్ రంధ్రాల లోపలి గోడలకి లైట్ వేసి చూడండి, ఆ రంధ్రాల్లో కడ్డీలు దూర్చే చక్రాల బండి మీద బరువైన కయాక్‌ని లాగితే అక్కడే వెంట్రుక సన్నం పగుళ్లు వస్తాయి. పగులు కనిపిస్తే బేరం ఆడొద్దు, వచ్చేయండి. బాగుంటే అమ్మేవాళ్లని అడిగి పక్కనే ఉన్న నీళ్లలో పెట్టి కూర్చోండి, మీ సామాను క్రేట్ కూడా పట్టుకెళ్లండి, పాదాల దగ్గర తడి వస్తోందా చూడండి, లేచి నిలబడి తల తిప్పి వెనక్కి చూడండి. ఒప్పుకోని వాళ్ల దగ్గర కొనకండి.

మీ బరువు, సామాను ఎంత, ఏ లేక్‌కి వెళ్తారు, ఏ కారు, ఈ నాలుగూ కింద రాయండి, కుదిరినంత వరకు ఒక్కొక్కరికీ నేనే జవాబు ఇస్తాను.