తోక చూసి మసలుకోవాలి

పెద్దలకు, పాల సంఘం సభ్యులకు నమస్కారం.

అమెరికా వెళ్ళొచ్చినవాళ్ళు నయాగరా కబుర్లు చెప్తారు. నేను కొలరాడోలో అమ్మాయి ఇంట్లో రెండు నెలలుండి, పనిగట్టుకుని ఒక రాంచ్‌కి, అంటే పశువుల్ని మందలుగా పెంచే పెద్ద క్షేత్రానికి, వెళ్ళాను. ముప్పై ఏళ్ళు మీ గేదెలకి సూదులు పొడిచిన చెయ్యి ఊరుకుంటుందా!

అక్కడ పెంచేవి రెండు: బైసన్, ఎల్క్. బైసన్‌ని ఆ జనం బఫెలో అంటారు గానీ, మన గేదెకీ దానికీ చుట్టరికం దూరం. అది ఆవు వైపు బంధువు, ఆవుతో సంకరం కూడా కుదురుతుంది. ముందు సగం కంబళి కప్పుకున్నట్టుంటుంది, వెనక సగం నున్నగా ఉంటుంది. పోతు 900 కిలోల దాకా తూగుతుంది. అంత బరువుతోనూ గంటకి 55 కిలోమీటర్ల వేగంతో పరిగెడుతుంది.

నేను వెళ్ళింది అక్టోబరులో. యజమాని పికప్ బండిలో మంద మధ్యకి తీసుకెళ్ళి, "దిగొద్దు" అన్నాడు. "తోక చూడండి. వేలాడుతుంటే దాని ధ్యాస మేత మీదుంది. నిలువుగా లేచిందంటే బండి తిప్పేస్తాను." ఎన్ని తరాలుగా కంచెలో ఉన్నా అది మచ్చిక కాదట. ఈనేటప్పుడూ ఎవరూ దగ్గరికి పోరు. ఎర్రటి దూడ పుట్టి, కాసేపట్లో తనే లేచి తల్లి వెంట నడుస్తుంది. దూడ అడ్డం తిరిగిందని అర్ధరాత్రి నా తలుపు కొట్టిన మీ అందరూ గుర్తొచ్చారు.

మనవాటిని వైద్యం కోసం ట్రెవిస్‌లో, అంటే పశువుని కదలకుండా నిలబెట్టే చట్రంలో, కట్టాలంటే ముక్కుతాడు పట్టి లాగుతాం, వెనక నుంచి ఇద్దరు తోస్తారు. అక్కడ ఏడాదికోసారి, చలి మొదలయ్యే వేళ, మందని ఇనుప సందులోకి తోలి టీకాలు వేస్తారు, చూలు పరీక్ష చేస్తారు. సందు గోడలకి చిల్లు కూడా ఉండదు, బయట మనిషి కనిపిస్తే బెదురుతుందని. ఎవరూ అరవరు. పనివాడు ఒక అడుగు ముందుకేస్తే బైసన్ కదిలింది. అతను ఆగకుండా ఇంకొకటి వేసుంటే గోడ మీద పడేదే. రెండడుగులు వెనక్కి వేశాడు, అది తలవంచుకుని బోనులోకి నడిచింది. మా కాలేజీలో పశువుని పట్టుకోవడం నేర్పారు. ఎంత దూరంలో నిలబడాలో నేర్పలేదు.

ఒకప్పుడు ఆ దేశంలో ఇవి మూడు కోట్లకి పైనే ఉండేవని అంచనా. తోలు కోసం, ఆదివాసుల తిండి దెబ్బతియ్యడం కోసం కూడా, కాల్చి కాల్చి 1880ల చివరికి వెయ్యిలోపుకి తెచ్చారు. 1905లో అమెరికన్ బైసన్ సొసైటీ పెట్టారు. 1907లో న్యూయార్క్ జూ నుంచి 15 బైసన్‌లని రైలెక్కించి ఓక్లహోమా పచ్చిక మైదానాలకి పంపారు. అడవి జంతువు జూకి పోవడం విన్నాం గానీ, జూ నుంచి బయలుకి రావడం చూశారా! 2016లో దాన్ని జాతీయ క్షీరదంగా ప్రకటించారు. "జాతీయ జంతువుని కోసుకు తింటారా?" అని మా ఆవిడ అడిగింది. "తినేవాళ్ళున్నారు కాబట్టే పెంచేవాళ్ళం ఉన్నాం" అన్నాడాయన. మా ఆవిడకి ఆ జవాబు నచ్చలేదు. నాకు లెక్క సరిగ్గానే తోచింది, ఇప్పుడు ఎక్కువ బైసన్‌లు ఇలాంటి ప్రైవేటు మందల్లోనే ఉన్నాయి.

ఎల్క్ సంగతి వేరు. మన కణితి జింక లాంటిది, ఇంకా పెద్దది. కంచె ఎనిమిది అడుగుల ఎత్తు. మగదానికి ఏటా కొమ్ములు రాలి కొత్తవి మొలుస్తాయి, రోజుకి అంగుళం దాకా పెరిగే రోజులుంటాయి. ఎముక గట్టిపడకముందే, మఖమల్ లాంటి చర్మం ఉండగా, మత్తిచ్చి కోస్తారు. కొరియా, చైనాల్లో దాన్ని మందుగా కొంటారు. జతకట్టే కాలంలో మగది ఈల వేసినట్టు కూస్తుంది. అంత శరీరంలోంచి అంత సన్నటి గొంతా అనిపించింది.

ఎల్క్ పెంచేవాళ్ళ భయమంతా ఒక జబ్బు, క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అంటారు. 1967లో కొలరాడోలోనే, ఫోర్ట్ కాలిన్స్ దగ్గర పరిశోధన కోసం ఉంచిన జింకల్లో మొదట కనిపించింది. పశువు చిక్కి, చొంగ కారుస్తూ చస్తుంది. మందు లేదు, టీకా లేదు. దాన్ని కలిగించే ప్రొటీన్ మట్టిలో ఏళ్ళ తరబడి ఉంటుంది. మందలోకి వచ్చిందంటే మంద మొత్తం వదులుకోవాల్సిందే అన్నప్పుడు ఆయన గొంతు తగ్గింది. నేనేమీ అడగలేదు.

బయల్దేరేముందు ఫోనులో మన సీతమ్మ గేదె పాలు పిండుతున్న ఫొటో చూపించాను. పొదుగు కింద చెంబు, గేదె డొక్కకి ఆనించిన తల. ఆయన ఫొటో పెద్దది చేసి చూశాడు. "ఆవిడ ఇంత దగ్గర కూర్చుంటుందా, రోజూ?"

"రెండు పూటలా" అన్నాను.