క్రేన్‌కు లోడు కట్టే పని: డాగింగ్ లైసెన్సుపై శ్రోతల ప్రశ్నలు

(ఆస్ట్రేలియాలోని తెలుగువారి కోసం ప్రసారమైన ఫోన్-ఇన్ కార్యక్రమం నుంచి)

నిర్వాహకురాలు: శ్రోతలకు నమస్కారం. కట్టడాల దగ్గర, గనుల్లో, ఓడరేవుల్లో క్రేన్‌కు లోడు కట్టి, ఆపరేటర్‌కు సైగలిస్తూ దాన్ని సురక్షితంగా దింపించే పనికి ఆస్ట్రేలియాలో డాగింగ్ లైసెన్సు ఉండాలి. ఆ శిక్షణ గురించి మీ సందేహాలు తీర్చడానికి, బరువైన సామాను ఎత్తి అమర్చే రిగ్గింగ్ పనిలో చాలాకాలం ఉండి ఇప్పుడు ఆ పనే నేర్పుతున్న నిపుణులు మనతో ఉన్నారు. మొదటి కాల్ పెర్త్ నుంచి.

శ్రోత (పెర్త్): నమస్కారమండీ. మాది శ్రీకాకుళం జిల్లా. విశాఖలో కలాసీగా మొదలుపెట్టి, ఆ తర్వాత చాలా ఏళ్లు ఖతార్‌లో రిగ్గర్‌గా చేశాను. మా ఆవిడకు ఇక్కడ నర్సు ఉద్యోగం రావడంతో ఇద్దరం వచ్చేశాం. అక్కడి రిగ్గర్ సర్టిఫికెట్టు నా దగ్గర భద్రంగా ఉంది. దాన్ని చూపించి ఇక్కడి లైసెన్సు తీసుకోవచ్చా, సార్?

నిపుణుడు: నేరుగా మార్చుకునే వీలు లేదండీ. లైసెన్సు ఇచ్చేది ఆయా రాష్ట్రాల పని భద్రతా నియంత్రణ సంస్థ. మీ రాష్ట్రంలో అది వర్క్‌సేఫ్ డబ్ల్యూఏ. గుర్తింపు పొందిన శిక్షణ సంస్థలో సీపీసీసీఎల్‌డీజీ3001 అనే యూనిట్ పూర్తిచేసి, అధీకృత పరీక్షకుడి ముందు నెగ్గితేనే దరఖాస్తుకు అర్హత వస్తుంది. 18 ఏళ్లు నిండి ఉండాలి. రాతపరీక్ష, లెక్కలు, చేతిపని అనే మూడు భాగాలూ ఇంగ్లీషులోనే జరుగుతాయి.

మీ అనుభవం చేతిపనిలో బాగా అక్కరకొస్తుంది. అయితే ఒక తేడా గమనించండి. గల్ఫ్‌లో చాలా చోట్ల లోడు కట్టేవాడు ఒకడు, సైగలిచ్చే బ్యాంక్స్‌మన్ ఇంకొకడు, ఏ స్లింగు, అంటే లోడును క్రేన్‌కు వేలాడదీసే ఏ కట్టుతాడు వాడాలో చెప్పే సూపర్‌వైజర్ వేరొకడు. ఇక్కడ ఆ మూడు బాధ్యతలూ డాగింగ్ చేసే డాగర్ మీదే ఉంటాయి కాబట్టి, చేతులు చకచకా పనిచేస్తున్నా ‘ఈ స్లింగు ఎందుకు తీసుకున్నావు?’ అని పరీక్షకుడు అడిగితే నోరు విప్పలేని అనుభవజ్ఞులను నేను చాలామందినే చూశాను.

శ్రోత (పెర్త్): లైసెన్సు వచ్చేలోగా సైటులో సహాయకుడిగా చేయవచ్చా?

నిపుణుడు: కోర్సులో చేరిన తర్వాత, లైసెన్సు ఉన్న వ్యక్తి పర్యవేక్షణలో నేర్చుకుంటూ చేయవచ్చు. చేసిన ప్రతి పనినీ లాగ్‌బుక్కులో రాసి సంతకం చేయించుకోండి. చేరకుండా మాత్రం చేయకూడదు. ‘కాస్త చెయ్యి వెయ్యి’ అని సైటులో ఎవరో పిలుస్తారు, మొహమాటానికి పోతాం. ఏ స్లింగు వాడాలి, ఎలా చుట్టాలి అని మీరు నిర్ణయించారంటే అది లైసెన్సు పనే. ఆపరేటర్ కంటికి కనబడని చోట లోడును నడిపించడమూ అంతే.

నిర్వాహకురాలు: మెల్‌బోర్న్ నుంచి ఒక విద్యార్థి లైన్‌లో ఉన్నారు.

శ్రోత (మెల్‌బోర్న్): అన్నా, నమస్తే. నేను మాస్టర్స్ చదువుతున్నాను, మాది కరీంనగర్. డాగింగ్ కోర్సు చేస్తే ఉద్యోగం గ్యారంటీ అని ఒక ప్రకటన చూశాను. ఫీజు కట్టేయమంటారా?

నిపుణుడు: గ్యారంటీ అన్న మాట కనబడితే అక్కడే ఆగండి, తమ్ముడూ. శిక్షణ సంస్థ చేతిలో ఉండేది శిక్షణే, ఉద్యోగం కాదు. చేరే ముందు వాళ్లను రెండు సంగతులు అడగండి. నిజమైన క్రేన్ కింద ఒక్కో విద్యార్థికి ఎంతసేపు దొరుకుతుంది, ఒక బ్యాచ్‌లో ఎంతమంది ఉంటారు అని. చాలా సంస్థలు కోర్సును వారం లోపే ముగిస్తాయి. అందులో సగం సమయం వరుసలో నిలబడి పక్కవాడిని చూడటంతోనే గడిచిపోతే ఈల ఊదడం, రేడియోలో మాట్లాడటం మీకు ఎప్పటికి అలవాటవుతాయి?

ఇంకొకటి. చదువు సాగుతున్నంత కాలం విద్యార్థి వీసాపై రెండు వారాలకు 48 గంటలే పని చేయవచ్చు. క్రేన్ బృందానికి తెల్లవారేసరికి వచ్చి వారమంతా ఉండే మనిషి కావాలి. అందుకే పార్ట్‌టైమ్ సంపాదన కోసమే ఈ లైసెన్సు తీసుకోవడం మంచి బేరం కాదని నా అభిప్రాయం. చదువు అయ్యాక ఈ రంగంలోనే ఉండాలనుకుంటే మాత్రం ఇది మొదటి మెట్టు. దీని తర్వాతే బేసిక్, ఇంటర్మీడియట్, అడ్వాన్స్‌డ్ రిగ్గింగ్ వస్తాయి. నిర్మాణ స్థలంలో అడుగుపెట్టడానికి నిర్మాణ భద్రతా శిక్షణ పొందినట్టు చూపే వైట్ కార్డు కూడా ఉండాలని మరిచిపోకండి.

నిర్వాహకురాలు: తర్వాత బ్రిస్బేన్ నుంచి. చెప్పండమ్మా.

శ్రోత (బ్రిస్బేన్): నమస్కారం సార్. నేను ప్రస్తుతం కోర్సులో ఉన్నాను, బ్యాచ్‌లో అమ్మాయిని నేనొక్కదాన్నే. ముడులు, సైగలు బాగానే వస్తున్నాయి కానీ లెక్కల దగ్గర తడబడుతున్నాను. నిన్న ఒక కాంక్రీటు దూలం ఇచ్చారు. 3.5 మీటర్ల పొడవు, వెడల్పు 0.3, ఎత్తు 0.3. దాన్ని 10 మిల్లీమీటర్ల వైర్ రోప్ స్లింగులు రెండింటితో ఎత్తవచ్చన్నాను. తప్పన్నారు.

నిపుణుడు: మంచి లెక్క ఇచ్చారు వాళ్లు. మొదట బరువు చూద్దాం. మూడు కొలతలూ గుణిస్తే 0.315 ఘనపు మీటర్లు. కాంక్రీటు ఘనపు మీటరుకు 2400 కిలోలు కాబట్టి దూలం బరువు 756 కిలోలు. స్లింగు సంగతికొస్తే, వైర్ రోప్‌కు వ్యాసాన్ని వ్యాసంతో గుణించి 8తో హెచ్చవేస్తాం. పదికి పది వంద, వందకు ఎనిమిది 800 కిలోలు. మీరు ఇక్కడి దాకా బాగానే వచ్చి, రెండు స్లింగులు కదా, 1600 అనుకున్నారు. అవునా?

శ్రోత (బ్రిస్బేన్): అంతే సార్. సగం కూడా కాలేదు కదా అనుకున్నాను.

నిపుణుడు: రెండు కాళ్ల మధ్య, అంటే హుక్కు నుంచి దిగే రెండు స్లింగుల మధ్య కోణం ఎంత ఇచ్చారు? దూలానికి ఎలా కట్టమన్నారు?

శ్రోత (బ్రిస్బేన్): 60 డిగ్రీలు. దూలం చుట్టూ తిప్పి, స్లింగును దాని చివరనున్న కంటిలోంచే, అంటే ఉచ్చులోంచే బయటికి లాగి బిగించమన్నారు.

నిపుణుడు: కిటుకంతా ఆ బిగింపులోనే ఉంది. 60 డిగ్రీల దగ్గర రెండు కాళ్లూ కలిసి ఒక స్లింగుకు 1.73 రెట్లు మోస్తాయే తప్ప రెండు రెట్లు మోయవు. అంటే 1384 కిలోలు. కోణం 90 అయితే 1.41 రెట్లు, 120 అయితే ఒక్క రెట్టే. 120 దగ్గర రెండు స్లింగులు ఉన్నా ఒక్కటి ఉన్నట్టే లెక్క, అంతకు మించి తెరవకూడదు. ఇక నలుచదరపు లోడుకు చుట్టి బిగించినప్పుడు వైరు అంచుల దగ్గర పదునుగా వంగుతుంది కాబట్టి అందులో సగమే తీసుకోవాలి. గుండ్రటి పైపు అయితే ముప్పాతిక తీసుకుంటాం. 1384లో సగం 692. మీ దూలం 756. ఆ స్లింగులతో ఎత్తకూడదు.

శ్రోత (బ్రిస్బేన్): మరి ఏది తీసుకోవాలి?

నిపుణుడు: 12 మిల్లీమీటర్లది తీసుకోండి. పన్నెండుకు పన్నెండు 144, ఎనిమిదితో 1152, దానికి 1.73 రెట్లు, అందులో సగం. 996 కిలోలు వస్తుంది. సరిపోతుంది. అప్పుడు కూడా అంచుల కింద గోనెపట్టలో, చెక్క ముక్కలో పెట్టి వైరును కాపాడుకోవాలి. సైటులో కోణం కొలవడానికి పరికరం వెతకనక్కర్లేదు. లోడు మీద రెండు కట్ల మధ్య దూరం ఒక కాలి పొడవుతో సమానమైతే కోణం 60. దూరం అంతకంటే ఎక్కువగా కనబడితే పొడవైన స్లింగులు తెప్పించండి. పరీక్షలో మాత్రం బరువు, కోణం, కట్టు అనే వరుసలోనే కాగితం మీద రాయండి. వరుస తప్పితే కట్టు సంగతే మరిచిపోతారు, నిన్న మీకు జరిగిందీ అదే.

శ్రోత (బ్రిస్బేన్): బట్ట స్లింగులకూ ఇదే లెక్కా?

నిపుణుడు: వాటి మీద ట్యాగు ఉంటుందమ్మా. ఏ కట్టుకు ఎంత మోస్తుందో దానిమీదే ఉంటుంది. రంగు చూసీ పోల్చుకోవచ్చు. ఊదా ఒక టన్ను, ఆకుపచ్చ రెండు, పసుపు మూడు. అయితే రంగును నమ్మి ట్యాగు చదవకుండా వదిలేయకండి. ట్యాగు ఊడిపోయిన స్లింగును, అది ఎంత కొత్తగా మెరుస్తున్నా, పక్కన పడేయాలి. పరీక్షకుడు కావాలనే అలాంటిదొకటి కుప్పలో కలిపి పెడతాడు.

నిర్వాహకురాలు: సమయం దగ్గరపడింది. సిడ్నీ నుంచి చివరి కాల్, క్లుప్తంగా.

శ్రోత (సిడ్నీ): నమస్కారమండీ. నా డాగింగ్ లైసెన్సు గడువు నాలుగు నెలల కిందట ముగిసింది. ఇండియాలో ఉండిపోవడంతో చూసుకోలేదు. మళ్లీ కోర్సు చేయాలా?

నిపుణుడు: అక్కర్లేదండీ. లైసెన్సు అయిదేళ్లకు ఇస్తారు, గడువు తీరిన 12 నెలల లోపు పునరుద్ధరణకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ ఏడాది దాటితే మొదటి నుంచీ పరీక్షకు కూర్చోవాలి. మీరు ఈ వారమే సేఫ్‌వర్క్ ఎన్ఎస్‌డబ్ల్యూకు దరఖాస్తు పెట్టండి. కొత్త గడువుతో లైసెన్సు చేతికొచ్చేదాకా మీ ఫోర్‌మన్‌కు విషయం చెప్పి, క్రేన్ కింద కాకుండా వేరే పని అడగండి. కొత్తగా కోర్సు ముగించిన వాళ్లకు కూడా ఒక మాట. నెగ్గిన 60 రోజుల లోపు దరఖాస్తు చేయకపోతే ఆ ఫలితం చెల్లదు, కాబట్టి కాగితాలు చేతికందిన రోజే పంపేయండి.