కేకు మీద పెట్టేది కూడా తినేదే ఉండాలె

అందరికి నమస్తే. మిర్యాలగూడ నుంచి, దేవరకొండ నుంచి పొద్దుగాల్నే బస్సెక్కి వచ్చిన అక్కలకు, చెల్లెండ్లకు జెర ఎక్కువ నమస్తే. స్పాంజ్ చేసుడు, క్రీమ్ రాసుడు మీకు వచ్చు, అది నేను మళ్ల చెప్ప. ఇయ్యాల కేకు మీద పెట్టే పువ్వులు, ఆకులు, బొమ్మల ముచ్చటే.

ఏ బర్త్‌డేకైనా పోయి, తిన్నంక ప్లేట్లు చూడుండ్రి. ఫాండెంట్ పువ్వు అట్లనే పక్కకు తీసి పెట్టి ఉంటది. పిల్లలు ఒక్కసారి కొరికి ఊంచేస్తరు, ఎందుకంటే అది ఉట్టి చక్కెర ముద్ద, రుచి లేదు. గంటలు గంటలు కూసొని చేసినది చెత్తబుట్టల పోతది. అందుకే నేను అనేదేందంటే మన డెకరేషన్ ఫొటో కోసం కాదు, నోట్లె పెట్టుకునేటందుకు చెయ్యాలె. ఫొటో ఎట్లైనా వస్తది.

దానికి మన దగ్గర మంచి సరుకు ఉంది, కాజు కత్లీ ముద్ద. విదేశాలల్ల బాదంపొడి, చక్కెర కలిపి మార్జిపాన్ అని చేసి దాంతోని పండ్లు, బొమ్మలు చేస్తరు గదా, మన కాజు ముద్ద గూడ గదే పని చేస్తది. ఒక కప్పు కాజు పొడికి అర కప్పు చక్కెర, పావు కప్పు నీళ్లు, తీగ పాకం రాంగనే పొడి వేసి గిన్నెను ఇడిచిపెట్టేదాక తిప్పుడు. కాజు మిక్సీల ఎక్కువ తిప్పితే నూనె ఇడుస్తది, అందుకే ఆపుకుంట ఆపుకుంట పట్టాలె. గోరువెచ్చగ ఉన్నప్పుడే చేతులకు నెయ్యి రాసుకొని పిసకాలె, రంగు గూడ అప్పుడే కలపాలె, సల్లగైతే పగుల్తది. పని చేసేంతసేపు మిగిలిన ముద్దను ప్లాస్టిక్ కవర్ల మూసి పెట్టుకోండ్రి. పైన కొంచెం వెండి వరఖు పెడ్తే పెండ్లి కేకుకు అదే చాలు.

అయితే కాజు ముద్దతోని పల్చటి రేకులు రావు, అది నిజం. పల్చటి రేకులు కావాల్నంటే గమ్ పేస్టే. పావు కిలో ఫాండెంట్‌కు ఒక చెంచా టైలోస్ పౌడర్ (ముద్దను గట్టిగ చేసే పొడి) కలిపి ఒక రాత్రి మూసి పెడితే రేకులు నిలబడేటంత గట్టిగైతది. మన తంగేడు పువ్వు చేసి చూడుండ్రి, అయిదు రేకులు, మధ్యల వంకర తిరిగిన కేసరాలు, పచ్చగ ఎంత మంచిగుంటదో. అందరు గులాబీలే చేస్తరు, మన రాష్ట్ర పువ్వు ఎవ్వరు చెయ్యరు, నాకు గది అర్థం కాదు. గునుగు ఇంక సులువు, చిన్న శంఖం లెక్క చేసి సన్న కత్తెరతోని కింది నుంచి పైకి కొనలు లేపుకుంట పోవుడే.

బతుకమ్మ కేకు ఆర్డర్లు దసరా ముందట ఎట్లైనా వస్తయి కాబట్టి ఒక్కటి గట్టిగ చెప్తున్న. గునుగుకు ముంచే అంగడి రంగుపొడి ఇంట్ల ఉంటది, చేతికి అందుతది, అది కేకు మీదికి రావొద్దు. బతుకమ్మ చెరువుల పోతది, కేకు కడుపుల పోతది. తినేటివాటిల్ల వాడేటందుకు మన దేశంల పర్మిషన్ ఉన్న సింథటిక్ రంగులు ఎనిమిదే, డబ్బా మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ, అంటే తిండి సరుకుల మీద నిఘా పెట్టే సర్కారు సంస్థ, నంబర్ లేకుంటే కొనకండ్రి. 2024 ఫిబ్రవరిల తమిళనాడు పీచుమిఠాయి అమ్ముడు బ్యాన్ చేసింది యాదికి ఉందా, బట్టలకు వాడే రోడమిన్ బి అండ్ల దొరికిందనే. మెరిసే గ్లిట్టర్ గూడ అంతే. నాన్ టాక్సిక్ అని రాసి ఉంటే తినొచ్చని కాదు, తినేది అని రాసి ఉండాలె.

నిజం పువ్వులు పెట్టమని అడిగేటోళ్లు ఎక్కువైతున్నరు. గన్నేరు మాత్రం వద్దే వద్దు, ఆకు పువ్వు కాడ అంతా విషమే. దండల దుకాణం గులాబీలకు మందు కొట్టి ఉంటది, వాటిని కేకుల గుచ్చొద్దు. ఇంట్ల మందు కొట్టని గులాబీ చెట్టు ఉంటే రేకులు కడిగి ఆరబెట్టి, కోడిగుడ్డు తెల్లసొన పల్చగ రాసి సన్న చక్కెర చల్లి గాలికి ఆరనియ్యండ్రి, కరకరమంటయి. పచ్చి సొన కాబట్టి చిన్నపిల్లలు, కడుపుతోని ఉన్నోళ్లు తినే కేకుకు వద్దు. వెజ్ అడిగినోళ్లకు గుడ్డు చెప్పుడు ఎట్ల అవసరమో జెలటిన్ చెప్పుడు గూడ అట్లనే అవసరం, అది పశువుల తోలు, బొక్కల నుంచి తీస్తరు. వాళ్లకు సముద్రపు పాచి నుంచి తీసే అగర్ అగర్ వాడుండ్రి.

ఇగ మన నల్లగొండ బత్తాయి. రసం తీసి తొక్క పారేస్తం గదా, ఆ తొక్కే డెకరేషన్. మంచిగ కడిగి సన్నగ కోసి, రెండు మూడు సార్లు నీళ్లు మార్చుకుంట మరిగించాలె, లేకుంటే చేదు పోదు. ఆఖరికి సమానం చక్కెర, నీళ్ల పాకంల సన్న మంట మీద అద్దం లెక్క కనపడేదాక ఉడికించి, జాలి మీద ఒక రోజు ఆరబెట్టి చక్కెరల దొర్లించుడే. చాక్లెట్ కేకు మీద ఇది పెట్టినంక చెర్రీ పెట్టబుద్ధి కాదు. ఖర్చు చక్కెరకే.

మన ఎండల సంగతి తెలుసు, మే నెలల 45 దాటుతది. బటర్ 35 లోపల్నే కరుగుతది, అసలు చాక్లెట్ గూడ దాదాపు గంతే. అందుకే ఎండకాలం చాక్లెట్ ఆకులు కాంపౌండ్‌తోని, అంటే కోకో వెన్న బదులు వేరే కొవ్వు వేసిన చాక్లెట్‌తోని చేస్తే నిలబడ్తయి, రుచి కొంచెం తక్కువైనా. దానికి నీళ్ల రంగు కలిపితే గడ్డకడ్తది, నూనె రంగే వాడాలె. వానకాలం ఇంకో తంటా, చక్కెర గాలిలున్న తేమను గుంజుకుంటది. గమ్ పేస్ట్ పువ్వును ఫ్రిజ్‌ల పెట్టి బయటికి తీస్తే చెమట పట్టి వంగిపోతది. పువ్వులు గాలి ఆడే అట్టడబ్బల ఉంచుండ్రి, క్రీమ్ కేకు మీద ఆఖరు నిమిషంల పెట్టుండ్రి, అడుగున కరిగిన వైట్ కాంపౌండ్ రాస్తే ఇంకొంతసేపు ఆగుతది.

పోచంపల్లి చీర డిజైన్ కేకు మీద ఎట్ల అని పొద్దున ఒక చెల్లె అడిగింది. స్టెన్సిల్ వద్దమ్మా, గీతలు మరీ కత్తిరించినట్టు వస్తయి. ఇక్కత్‌ల, అంటే ఆ పోచంపల్లి నేతల, రంగు అంచు కొంచెం పాకినట్టు ఉంటది గదా, ఆరిన ఫాండెంట్ మీద జెల్ రంగుతోని, నీళ్లు పిండేసిన బ్రష్‌తోని చేత్తోనే వేస్తే అట్లనే వస్తది. నీళ్లు ఎక్కువైతే ఫాండెంట్‌కు గుంత పడ్తది, జాగ్రత్త.

డెలివరీ ఇచ్చేటప్పుడు పువ్వులల్ల తీగ, టూత్‌పిక్ ఎక్కడ పెట్టిన్రో ఆ ఇంటోళ్లకు చూపెట్టి రండ్రి, తీగను ఉత్తగ కేకుల గుచ్చకుండ స్ట్రాల పెట్టి గుచ్చుండ్రి. బండి మీద పొయ్యేది ఉంటే పువ్వులు వేరే డబ్బల తీస్కపోయి అక్కడికి పోయినంకనే పెట్టుండ్రి, మన రోడ్ల స్పీడ్ బ్రేకర్లు మీకు తెల్వనియి కావు. సరే, మాటలు చాలు. కాజు ముద్ద ఇంకా వెచ్చగనే ఉంది, చేతులు కడుక్కొని నెయ్యి రాసుకొని ఈ టేబుల్ కాడికి రండ్రి, తంగేడు తర్వాత, ముందు ఆకులు చేద్దాం.