ఉత్త వెయిట్ చేసిన మోసం

అందరికీ నమస్కారం. శనివారం పొద్దున్నే, ఇంత వానలో మాదాపూర్ దాకా వచ్చారంటే మీ సర్వర్లు ప్రస్తుతానికి బుద్ధిగా ఉన్నట్టే.

నాకు బుద్ధి నేర్పింది ఒక చిన్న బ్యాష్ స్క్రిప్టు, అంటే కమాండ్లు వరసగా నడిపే ఫైలు. పాత ఆఫీసులో రోజూ రాత్రి లాగ్ ఫైళ్ళని జీజిప్‌తో కుదించి వేరే డిస్కులో పెట్టి, అసలువి చెరిపెయ్యాలి. ఒక్కొక్కటిగా చేస్తే తెల్లారిపోతోందని కమాండు చివర ఒక ఆంపర్సండ్ (&) తగిలించాను, అంటే ఒకటి ముగిసేదాకా ఆగకుండా తర్వాతది మొదలైపోతుంది. ఫైళ్ళు 300, ప్రాసెసర్ కోర్లు 8. ఎనిమిది పొయ్యిలున్న పెళ్ళివంటలో మూడొందల గుండిగలు ఒకేసారి ఎక్కిస్తామా? నేను ఎక్కించాను. మెషీన్‌లోకి లాగిన్ అవ్వడమే గగనమైంది.

దానికి మందు తేలికే. పనులు పంచిపెట్టే ఎక్స్‌ఆర్గ్స్ కమాండుకి మైనస్ పెద్ద పీ, 8 అని చెప్తే ఒకేసారి ఎనిమిదే నడుస్తాయి, ఒకటి దిగాకే ఇంకోటి ఎక్కుతుంది. 2014లో వచ్చిన బ్యాష్ 4.3 నుంచి ఏదో ఒకటి ముగిసేదాకా ఆగే వెయిట్ మైనస్ ఎన్ కూడా ఉంది.

అసలు దెబ్బ తర్వాత తగిలింది. చివర్లో ఉత్త వెయిట్ (మొదలుపెట్టినవి ముగిసేదాకా ఆగే కమాండు) రాసి, అది సున్నా, అంటే అంతా సవ్యం అని, ఇస్తే అసలు ఫైళ్ళు చెరిపేస్తున్నాను. ఒక రాత్రి రెండో డిస్కు నిండిపోయింది. జీజిప్‌లు వరసగా ఫెయిలయ్యాయి. వెయిట్ మాత్రం సున్నా అంది, ఫైళ్ళు పోయాయి! పీఐడీ, అంటే ప్రాసెస్ నంబరు, ఇవ్వకపోతే వెయిట్ పిల్లలందరి (మన స్క్రిప్టు మొదలుపెట్టిన ప్రాసెస్‌ల) కోసం ఆగుతుంది కానీ, ఎవరు తప్పారో చెప్పదు. అందుకని ఒక్కొక్క చైల్డ్‌నీ మొదలుపెట్టగానే దాని పీఐడీని అర్రేలో, అంటే ఒక జాబితాలో, దాచుకోవాలి, తర్వాత పేరుపేరునా వెయిట్ చెయ్యాలి. ముందే ముగిసినా పరవాలేదు, బ్యాష్ దాని ఫలితం గుర్తుపెట్టుకుంటుంది.

ఇంతా చేసి మళ్ళీ బోల్తా పడ్డాను. ఫైళ్ళు వెతికే ఫైండ్ నుంచి పైపు పెట్టి, ఆ పేర్లు అందుకునే వైల్ లూప్‌లో పిల్లల్ని పుట్టించాను. పైపు అవతలి లూపు సబ్‌షెల్‌లో, అంటే మన షెల్ పుట్టించిన ఇంకో షెల్‌లో, నడుస్తుంది. అక్కడ పుట్టినవాళ్ళు మనకి మనవలు, అర్రే కూడా వాళ్ళింట్లోనే ఉండిపోతుంది. బయట నా అర్రే ఖాళీ, వెయిట్ లూపు ఒక్కసారీ తిరగలేదు, తప్పులు సున్నా. ఎంత ప్రశాంతమైన రిపోర్టో! పైపు తీసేసి, ఫైండ్ ఫలితాన్ని ఫైలులా లూపుకి అందించే ప్రాసెస్ సబ్‌స్టిట్యూషన్ పెట్టాక కుదిరింది.

పెర్ల్ భాషలో ఫోర్క్ చేసి పిల్లల్ని పుట్టించేవాళ్ళకి ఒక్క మాట. ముగ్గురు పిల్లలు దాదాపు ఒకేసారి పోతే, పిల్ల పోయిందని చెప్పే సిగ్నల్ సిగ్‌చైల్డ్ ఒక్కటే రావచ్చు. ఆ సిగ్నల్‌ని అందుకునే హ్యాండ్లర్‌లో వెయిట్‌పిడ్‌ని నోహ్యాంగ్‌తో (ఎవరి కోసమూ ఆగకుండా), పోయినవాళ్ళు ఇంకెవరూ మిగలకుండా అయ్యేదాకా తిప్పండి. లేకపోతే జోంబీలు, అంటే ముగిసినా ఫలితం ఎవరూ తీసుకోని ప్రాసెస్‌లు, పేరుకుంటాయి.

ఇప్పుడు స్క్రీన్ చూడండి. నాలుగు ప్రాసెస్‌లు మొదలుపెట్టి ఒకదాన్ని కిల్ మైనస్ 9తో చంపుతాను. మూడు సున్నాల మధ్య 137 (సిగ్నల్‌తో చస్తే 128కి ఆ సిగ్నల్ నంబరు 9 కలుస్తుంది) కనిపించాలి.