డిగ్రీ మధ్యలో ఒడిశా నుంచి ఆంధ్రాకి మారుతున్నారా? టీసీ తీసుకునే ముందు ఇది వినండి

అందరికీ నమస్కారం. మొన్న పర్లాకిమిడి నుంచి ఒక నాన్నగారు ఫోన్ చేశారు. "అమ్మాయి ఇక్కడే డిగ్రీ రెండో ఏడు చదువుతోంది బాబూ. శ్రావణంలో పెళ్లి. అత్తవారిది టెక్కలి. మూడో ఏడు అక్కడి కాలేజీలో చేరిపోతుంది కదా, క్రెడిట్లన్నీ బ్యాంకులోనే ఉన్నాయట" అన్నారు. క్రెడిట్లంటే పాసైన పేపర్లకి వచ్చే పాయింట్లు, అవి దాచే ఆన్‌లైన్ ఖాతానే క్రెడిట్ బ్యాంకు అంటారు. ఎంత ధీమాగా అన్నారో! నాకు మాత్రం వెంటనే మా చెల్లెలు గుర్తొచ్చింది.

అదీ ఇలాగే వెళ్లింది. నాలుగు సెమిస్టర్లు, ఒక్క బ్యాక్‌లాగ్ కూడా లేదు. అవతలి కాలేజీ వాళ్లు మార్కుల లిస్టు అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ పేపర్లలో ఏం చదివారో మాకెలా తెలుస్తుంది? మొదటి ఏడులో చేరండి" అన్నారు. పాతపట్నం బస్టాండులో మా అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని ఏడవడం నేను మర్చిపోలేను. డిగ్రీ చేతికి రావడానికి చెల్లికి మొత్తం ఐదేళ్లు పట్టింది.

గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన పర్లాకిమిడి మనది. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడ్డప్పుడు మనం ఇటొచ్చాం, పాతపట్నం అటు ఉండిపోయింది. సంబంధాలు మాత్రం ఇప్పటికీ అటే చూస్తాం. అందుకే ఈ మాట చెప్పాలనిపించింది.

బ్యాంకు అన్న పేరే మనల్ని పొరపాటు పడేలా చేస్తోంది. పర్లాకిమిడిలో వేసిన డబ్బు టెక్కలిలో తీసుకోవచ్చు, ఎవరూ ఏమీ అడగరు. క్రెడిట్ అలా కాదు. ఈ క్రెడిట్ బ్యాంకుకి, అంటే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌కి, యూనివర్సిటీ చదువుల నియమాలు చూసే యూజీసీ 2021లో నిబంధనలు తెచ్చింది. డిజిలాకర్‌లో 12 అంకెల ఐడీ వస్తుంది. అందులో క్రెడిట్లు మనం వేసుకోలేం, కాలేజీయో యూనివర్సిటీయో వెయ్యాలి. వేసినవి ఏడేళ్లు నిలవుంటాయి. కానీ వాటిలో ఏవి డిగ్రీకి లెక్కలోకి వస్తాయన్నది చేర్చుకునే చోటే తేలుతుంది.

ఇప్పుడు అసలు చిక్కు చూడండి. యూజీసీ పద్ధతిలో కోర్సుల నంబర్లకి అర్థం ఉంది. 100 నుంచి 199 దాకా ఉన్నవి పునాది కోర్సులు, 200లు మధ్యస్థాయి, 300లు పైస్థాయి. మొదటి రెండేళ్లలో మనవాళ్లు చదివేవి ఎక్కువగా మొదటి రెండు రకాలే. అవతల అదే సబ్జెక్టుని 300 నంబరుతో చెబుతుంటే, పేరు ఒకటే అయినా మన పేపరు దానికి సరిపోదు. భాష పేపర్ల సంగతి చెప్పక్కర్లేదు. ఇక్కడ ఒడియా రాసిన పిల్లకి అక్కడ తెలుగో హిందీయో సంస్కృతమో ఉంటుంది.

ఇంకొకటి, ఇది చాలామంది గమనించరు. క్రెడిట్ బ్యాంకు నిబంధనల ప్రకారం డిగ్రీ ఇచ్చే సంస్థలో కనీసం సగం క్రెడిట్లు సంపాదించాలి. మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు, అంటే అక్కడ 60 కావాలి. రెండో ఏడు ముగిసేసరికి ఈ అమ్మాయి దగ్గర 80 ఉంటాయి, మిగిలేది 40. మరి 60 ఎక్కడ నుంచి వస్తాయి? నాలుగేళ్ల ఆనర్స్ అయితే 160లో 80 అక్కడే చదువుతుంది కాబట్టి లెక్క కుదురుతుంది. ఆ నాన్నగారికి ఈ లెక్క చెప్పగానే ఫోన్‌లో కాసేపు మాట లేదు.

పేర్ల సంగతి కూడా చూసుకోండి. మన ఇంటిపేరు కొన్ని సర్టిఫికెట్లలో ముందు, కొన్నిటిలో వెనక ఉంటుంది. పెళ్లయ్యాక ఆధార్‌లో మారిపోతుంది. ఐడీలో ఒక పేరు, మార్కుల లిస్టులో ఇంకో పేరు ఉంటే ఆ టెన్షన్ మామూలుగా ఉండదు. పెళ్లికి ముందే సరిచేయించుకోండి.

చదివిన ప్రతి పేపరు సిలబస్‌కి జిరాక్స్ తీయించి, ప్రతి పేజీ మీద కాలేజీ సీలు, సంతకం వేయించండి. మా చెల్లి దగ్గర లేనిది ఇదే. రెండేళ్లకే ఆపేసే పరిస్థితి వస్తే, 80 క్రెడిట్లతో పాటు వేసవిలో నాలుగు క్రెడిట్ల వృత్తి కోర్సు చేస్తే యూజీ డిప్లమా ఇస్తారు. మూడేళ్లలోపు తిరిగి వచ్చి చేరవచ్చు కూడా. వట్టి చేతులతో మాత్రం బయటికి రావద్దు.

గుణుపురం, రాయగడ వైపు పాలిటెక్నిక్ పిల్లలూ, మీ దారి వేరు. బీటెక్ రెండో ఏడులో చేరడానికి ఒడిశాలో ఓజేఈఈ, ఆంధ్రాలో ఈసెట్ ప్రవేశ పరీక్షలు ఉన్నాయి. అక్కడ పేపరుకి పేపరు పోల్చరు, డిప్లమా చూసి మొదటి ఏడు మొత్తం మినహాయిస్తారు.

చివరికి ఆ నాన్నగారితో ఏమన్నానంటే: అమ్మాయికి ఇంకా రెండు సెమిస్టర్లే కదండీ, టెక్కలి మరీ దూరమేం కాదు. వియ్యంకుల వారితో ఒకసారి కూర్చుని మాట్లాడండి, ఈ ఒక్క ఏడూ ఇక్కడే పూర్తి చేయనివ్వమని అడగండి. ఒప్పుకోకపోతే, ఏయే పేపర్లు తీసుకుంటారో అక్కడి కాలేజీతో కాగితం మీద రాయించుకోండి. అది చేతికొచ్చేదాకా ఇక్కడ టీసీ అడగొద్దు.